నేతగాడి స్లింగు

పక్షవాతంతో చౌడేశ్వరమ్మకు ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి గానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఆమెను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తి దించేది కోడలు నాగవేణి. కొడుకు భావనారాయణకు మగ్గం గుంటలోంచి లేవడం కుదరదు. కుదరదంటే కుదరదు, అంతే. ఎత్తీ ఎత్తీ నాగవేణి నడుంలో డిస్కు జారింది. ఇంకా బరువులెత్తితే ఆమె కాలు కూడా చచ్చుబడుతుందనీ, అప్పుడు ఇంట్లో రెండు మంచాలు వేసుకోవాలనీ బెజవాడ డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

అందుకే మొగుడితో పోరి పోరి, మనిషిని గుడ్డలో కూర్చోబెట్టి పంపు కొడితే పైకి లేపే పేషెంట్ లిఫ్టు అద్దెకు తెప్పించింది. దాన్ని పెడనలో వాళ్లింటి దాకా ఆటోలో తెచ్చిన అద్దె షాపు మనిషి డేనియల్ ఓపిగ్గా నేర్పాడు.

"ఈ గుడ్డని స్లింగంటారండీ. ఇందులో కూర్చోబెట్టాక కాళ్ల పట్టీలు రెండూ తొడల కిందనుంచి తీసి, ఒకదాన్లోంచి ఒకటి దూర్చి తగిలించాలి. జానెడెత్తు లేపి ఆపండి. అన్ని కొక్కేలూ చూసుకున్నాకే పక్కకి జరపాలండోయ్."

నాగవేణి పంపు కొట్టింది. అత్తగారు దూదిపింజలా లేచింది. నాగవేణికి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

"ఇదివరకు ఎవరికి వాడారు నాయనా?" అని గాల్లోంచే అడిగింది చౌడేశ్వరమ్మ.

డేనియల్‌కు అబద్ధమాడటం చేతకాలేదు. "గుడివాడలో ఒక పెద్దాయనకండీ. ఆయన పోయాక వెనక్కొచ్చింది. వేణ్ణీళ్లలో ఉతికించామండీ."

"చచ్చినోడి గుడ్డలో నన్నెక్కిస్తారా! దించండ్రా!"

అతను వెళ్లగానే లిఫ్టు మీద పసుపునీళ్లు చల్లించి, స్లింగును కాలవలో పారేయించింది. ఇనుముకి మైల పోతుందట, గుడ్డకి పోదట. నాగవేణి ఫోన్ చేస్తే డేనియల్ కొత్తది తెస్తానన్నాడు, అప్పటిదాకా వేరే గుడ్డతో లేపొద్దన్నాడు.

భావనారాయణకు పౌరుషం వచ్చింది. "నేతగాడింట్లో గుడ్డకి కరువొచ్చిందంటే పేటంతా నవ్విపోదూ?" అని జంటపోగు నూలుతో తనే నేశాడు. తల్లిని ఎత్తడానికి మగ్గం వదలనివాడు, ఇప్పుడు తల్లి కోసమని మగ్గం వదల్లేదు. గుడ్డ గట్టిదే, కాదనలేం. కానీ అది నాలుగు మూలలా ఉచ్చులు కుట్టిన దుప్పటి, అంతే.

"కాళ్ల పట్టీలేవండీ? అత్తయ్యగారు కిందికి జారిపోతారు" అంది నాగవేణి.

"పసిపిల్లలు ఉయ్యాల్లోంచి జారిపోతున్నారా? గుడ్డ గురించి నాకు నువ్వు చెప్తావా?"

"ఆవిడ పసిపిల్లేం కాదు గదండీ. నేను పంపు కొట్టను."

"నువ్వు కొట్టకపోతే నాకు చేతుల్లేవా?"

కొడుకు నేసిన గుడ్డలో చౌడేశ్వరమ్మ మురిసిపోతూ లేచింది. ఆపమని నాగవేణి అరుస్తూనే ఉంది. భావనారాయణ లిఫ్టును కుర్చీ వైపు తిప్పగానే చచ్చుబడిన కాలు ముందుకు జారింది, దాని వెంట మనిషంతా జారింది. నాగవేణి ఎగబడి పట్టుకోబోతే చేతికి చీర కుచ్చిళ్లే దొరికాయి. ముసలామె గచ్చు మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషనై ఇంటికొచ్చాక, పరామర్శకొచ్చిన ప్రతివాళ్లకీ భావనారాయణ ఆ గుడ్డ పరిచి చూపించాడు.

"లాగి చూడు బాబాయ్, ఒక్క పోగు తెగిందా? ఆ యంత్రమే మాకు అచ్చిరాలేదు."

ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే. వాళ్లూ లాగి చూసి, నిజమేనని తలలూపారు. పక్కనే ఉన్న కోడలు పట్టుకోవద్దా అని గొణిగినవాళ్లూ ఉన్నారు. నాగవేణికి ఒళ్లు మండిపోయింది.

డేనియల్ కొత్త స్లింగు తెచ్చిన రోజే భావనారాయణ లిఫ్టును తిరిగి ఆటో ఎక్కించేశాడు. "ఇప్పుడే గదండీ దీంతో పని" అని అతను మొత్తుకున్నాడు. నాగవేణి వీధిలోనే మొగుణ్ణి బతిమాలింది.

"మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది చాల్లేదా?" అనేసి భావనారాయణ మగ్గం గుంటలోకి దిగిపోయాడు.

"ఏమే నాగవేణీ, పక్క తడిసిందే. లేపు" అని లోపల్నుంచి అత్తగారు పిలిచింది.

విరిగిన తుంటితో మనిషి ఇంకా బరువెక్కింది. నాగవేణి వంగి ఆమె చంకల కింద చేతులు పెట్టి ఎత్తింది. నడుం నుంచి మడమ దాకా నొప్పి నిప్పులా పాకింది. ఆ తర్వాత కుడి కాలు ఎక్కడుందో తెలియలేదు. అత్తగారిని మంచం మీదికి వదిలేసి తను గచ్చు మీద కూలబడింది.

"ఏవండీ!" అని కేకేసింది.

పక్క గదిలో మగ్గం ఆగలేదు.