చాలు అంటే ఆపమని

ముప్పై ఎనిమిది నిమిషాల కరాటే సినిమా తీసి, దాన్ని ఇరుగుపొరుగు వాళ్ళకే చూపించాలంటే కరాటే కంటే ఎక్కువ ధైర్యం కావాలి. వనిత ధైర్యం ఉండి చూపించలేదు. వేరే దారి లేక చూపించింది.

మరాఠీ నేల మీది బొగ్గుగని ఊరు దుర్గాపూర్ కాలనీలో ఆమె పద్నాలుగు మంది ఆడపిల్లలకు కరాటే నేర్పుతుంది. ఎక్కడ? బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన, మట్టిలో. పిల్లలు తెల్లబట్టలతో వచ్చి నల్లబట్టలతో ఇంటికి పోతారు. వాన పడితే ఆ మట్టీ ఉండదు. పక్కనే కాలనీ హాలుంది. ఏడాదిలో మూడొందల రోజులు మూసే ఉంటుంది. గనిలో కూలీల మీద ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన ఎర్రయ్య ఆ హాలు కమిటీకి అధ్యక్షుడు. హాలు ఎవరికీ ఇవ్వకపోవడమే తన పని అనుకుంటాడు.

వనిత నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారి ఎర్రయ్య ఒక మెలిక పెట్టాడు.

"సినిమా తీసిన్రట గద? ఆదివారం హాల్ల ఎయ్యి. జనం మంచిగున్నదంటే హాలిస్త. నవ్విన్రనుకో, మళ్ళ నన్ను అడగొద్దు బిడ్డా."

పిల్లలకు నిలబడే చోటు కావాలా వద్దా అన్నది సినిమా బాగుందా లేదా అన్నదాని మీద తేలుతుందట! కమిటీల న్యాయం ఇట్లాగే ఉంటుంది. వనిత సరేనంది.

సినిమా పేరు 'బొగ్గు పిడికిలి'. అందులో హీరోయిన్ వనితే. తీసినవాడు ఆమె చిన్నమ్మ కొడుకు నాగేష్. పెళ్ళి వీడియోలు తీసి బతుకుతాడు. అందుకే విలన్ తలుపు తన్నుకుని వచ్చినా సరే, కెమెరా ముందు అతని కాళ్ళు చూపిస్తుంది, మెల్లగా పైకి పోతుంది, మెడ దగ్గర నగలు చూపించినట్టు కాసేపు ఆగుతుంది. దెబ్బల చప్పుడు కోసం తడి తువ్వాలను బట్టలుతికే బండ మీద బాది రికార్డు చేశాడు.

ఆదివారం పొద్దున పదింటికి హాలు నిండిపోయింది. తెలుగు ఇళ్ళవాళ్ళు, మరాఠీ ఇళ్ళవాళ్ళు కలిసే కూర్చున్నారు. తెర మీద పేరు తెలుగు అక్షరాల్లో పడింది. తెలుగు ఇళ్ళలోనూ మరాఠీ బడి చదువే కాబట్టి, చదవగలిగినవాళ్ళు హాలు మొత్తం మీద ఐదుగురు. ఏం రాసుందని మిగతావాళ్ళు ఆ ఐదుగురిని అడిగేలోపే పేరు పోయింది.

మొదటి దెబ్బకే నవ్వులు మొదలయ్యాయి. చప్పుడు ముందొచ్చింది, కాలు తర్వాత లేచింది.

"మెరుపు ఎన్క ఉరుమొస్తది. ఉరుము ముందొచ్చుడు గిదే సూస్తున్న!" అంది సారక్క. తుకుం మార్కెట్లో కూరగాయలమ్మే మనిషి. ఆమె మెల్లగా మాట్లాడినా నాలుగు దుకాణాల అవతలికి వినపడుతుంది.

రౌడీ వేషాలకు ముగ్గురే దొరికారు. చచ్చినవాళ్ళే అంగీ మార్చుకుని మళ్ళీ వచ్చారు.

"అగో, గీ పోరడు గిప్పుడే సచ్చిండు గదనే!"

"గాడు వేరే, గీడు వేరే పెద్దమ్మా," అన్నాడు వెనకనుంచి నాగేష్.

"నాకు కండ్లు లేవనుకున్నవారా? గీడు పొద్దుగాల నా దగ్గర కొత్తిమీర కొనుక్కపోయిండు."

"సచ్చినంక కొన్నడా, సావకముందా?" అని ఎవరో అందుకున్నారు. హాలు దద్దరిల్లింది.

ఉచితంగా చూసేవాడంత కఠినంగా ఎవడూ తూకం వేయడు. టికెట్టు కొన్నవాడు తన పైసలు దండగ కాలేదని చెప్పుకోవడానికైనా బాగుందంటాడు. ముందు వరుసలో ఎర్రయ్య కాలు మీద కాలేసుకుని, ప్రతి నవ్వుకూ వెనక్కి తిరిగి వనిత వైపు చూస్తున్నాడు. ఆమె గోడకానుకుని నిలబడి ఉంది. పద్నాలుగు మంది పిల్లలూ ఆమె చుట్టూ బిక్కమొహాలేసుకుని ఉన్నారు.

చివరి ఫైటు వచ్చింది. వనితకు దాన్ని చూడాలనే లేదు. తీసేయమని నాగేష్‌కు చెప్పింది. తీసేస్తే విలన్ ఎట్లా ఓడిపోయాడో తెలియదని వాడు ఉంచేశాడు.

షూటింగ్ రోజు జరిగింది ఇదీ. విలన్ వేషం వేసింది లారీ మెకానిక్ పంకజ్ మేశ్రాం, మరాఠీ కుర్రాడు. బొగ్గు బురదలో ఇద్దరూ కొట్టుకుంటున్నారు. కావలసింది వచ్చింది కాబట్టి నాగేష్ కెమెరా వెనకనుంచి "చాలు, చాలు!" అని అరిచాడు. తెలుగులో చాలు అంటే ఆపమని. మరాఠీలో చాలూ అంటే నడుస్తోంది, నడవనీ అని. వనిత చేతులు దించింది. పంకజ్ హుషారుగా ఆమె డొక్కలో తన్నాడు. నాగేష్ ఇంకా గట్టిగా "చాలూ!" అన్నాడు. పంకజ్ ఇంకా గట్టిగా కాలు లేపాడు. అప్పుడు వనిత సినిమాను మర్చిపోయింది. ఆ కాలు దొరకబట్టి, నడుం అడ్డం పెట్టి, డెబ్బై ఐదు కిలోల మనిషిని ఎత్తి బురదలో వేసింది.

ఇదంతా తెర మీద పడింది, నాగేష్ అరుపులతో సహా. గొంతు చెరపడం వాడికి చేతకాలేదు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. మరుక్షణం లొల్లి లేచింది.

"ఆపుమంటుంటే ఆడపిల్లను తంతడా వాడు!" అని తెలుగు ఆడవాళ్ళు లేచారు.

"చాలూ మ్హణతోయ్ నా తో!" అని మరాఠీవాళ్ళు. కొట్టమని కెమెరావాడే చెప్తున్నాడు కదా అని వాళ్ళ వాదన.

జనంలో ఉన్న పంకజ్ లేచి, వచ్చీరాని తెలుగుతో చేతులు జోడించాడు. "నాగేష్ అన్ననే చాలూ చాలూ అన్నడు! నేనేమో మంచిగ చేస్తున్న అనుకున్న!"

సారక్కకు ముందుగా వెలిగింది. రెండు చేతులతో తొడలు కొట్టుకుని నవ్వింది.

"ఓరి మీ నోట్ల మన్నువడ! నేను కొత్తగ తుకుంల గంప వెట్టినప్పుడు గిదే అయింది. ఒక మరాఠీ బాయి కాంటల వంకాయలు ఏస్తున్నది. నేను చాలు బాయీ, చాలు అంటున్న. ఆమె ఏస్తనే ఉన్నది. నేను ఒర్రినకొద్ది ఏస్తది!"

అదే మాటను మరాఠీలో మళ్ళీ చెప్పింది. రెండు పక్కలా ఒకేసారి అర్థమైంది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "మళ్ళ ఎయ్యిరా!" అంటే నాగేష్ ఆ ఫైటు మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ ఈలలే.

దీపాలు వెలిగాక ఎర్రయ్య లేచాడు. "నవ్విన్రు. మాట మాటే. హాలు లేదు."

"సినిమా మంచిగలేదు కాకా. నాకెర్కనే," అంది వనిత. "కని గా పడేసుడు సినిమా కాదు. గదే నేను పిల్లలకు నేర్పేది."

"గదంత కెమెరా మాయ. తాడు గట్టి గుంజుతరు."

"నాగేష్‌కు గంత తెలివే ఉంటే సచ్చినోళ్ళకు మీసాలన్న పెడుతుండె."

సారక్క కొంగు నడుముకు చుట్టి తన కుర్చీని పక్కకు తోసింది. "మాయనో కాదో ఇప్పుడే తెలుస్తది. నాకు నేర్పు బిడ్డా. ఓ పంకజూ, ఇటు రా."

"మళ్ళ నేనేనా?"

"నువ్వే తన్నినవు గద."

వనిత ఆమె వెనక నిలబడి చెయ్యి ఎక్కడ పెట్టాలో, నడుం ఎట్లా తిప్పాలో చూపించింది. మొదటిసారి సారక్కే పంకజ్ మీద వాలిపోయింది. రెండోసారి ఇద్దరూ కూలబడ్డారు. మూడోసారి పంకజ్ ఒక్కడే ధబ్బుమని పడ్డాడు. ఈసారి చప్పుడు సరిగ్గా పడ్డప్పుడే వచ్చింది.

"అగ్గ బాయీ!" అని ఒక మరాఠీ ఆవిడ లేచింది, తన బిడ్డను రెక్క పట్టుకుని. ఆమె వెనక ఇంకో ఇద్దరు. పద్నాలుగు మంది పిల్లలూ చెప్పకుండానే కుర్చీలు గోడలకు చేర్చడం మొదలుపెట్టారు. హాలు మధ్య ఖాళీ అయింది. ఒక చిన్నపిల్ల ఎర్రయ్య ముందుకొచ్చి, "తాతా, జర లే, కుర్చీ జరపాలె," అంది.

ఎర్రయ్య లేచాడు. కుర్చీ పోయింది. చుట్టూ చూశాడు. హాలు ఇస్తాడా లేదా అని అడిగేవాళ్ళెవరూ కనిపించలేదు. వరసలో నిలబడ్డవాళ్ళే కనిపించారు.

"ఆగుండ్రి!" అని గద్దించాడు. అందరూ ఆగారు. "చెప్పులతోని ఫర్శి బండల మీద ఏందా దుంకుడు? బయట ఇడిసి రాండ్రి."

ఆడవాళ్ళు నవ్వుకుంటూ గుమ్మం వైపు పోయారు.

"రేపు పొద్దుగాల ఆరింటికి పిల్లలను తోల్కొస్త కాకా," అంది వనిత.

"ఆరింటికి ఎవడు లేస్తడు? ఏడింటికి రా."

"ఆరున్నర," అంది వనిత, వరసలో ముందున్న ఆవిడ భుజం సరిచేస్తూ.