ఆఖర్న వచ్చే సంచి

నేను ఒక వీపుసంచిని. ఆ ఆదివారం పొద్దున్నే గౌరమ్మ నన్ను బల్ల మీద నిలబెట్టి, మూతి తాడు వదులు చేసి, సామాను సర్దడం మొదలుపెట్టింది. అడుగున గాలి పంపు, దాని మీద రెండు ట్యూబులు, పంక్చర్ బిళ్ళల డబ్బా. పక్క జేబులో కట్టుగుడ్డ, మందు సీసా, ఈల. మడతపెట్టిన రెయిన్‌కోటు. చోడిపిండి, అంటే రాగిపిండి, ఉండలు ఆరు. అన్నిటికీ పైన జలగల కోసం ఉప్పు పొట్లం. మూతి బిగించాక మళ్ళీ విప్పి, ఉన్నవన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకుంది. ఆమె ఎప్పుడూ రెండుసార్లు చూసేది. పెట్టినదాన్ని కూడా పెట్టలేదేమో అని భయపడే మనిషి.

"ఉప్పెట్టినావా అప్పా?" గుమ్మంలో నిలబడి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగాడు ఆమె తమ్ముడు కామేసు.

"ఎట్టినాన్రా. జలగలంటే ఉన్న బయం నీకు గెడ్డల నీళ్ళంటే ఉంటే బాగున్ను. వానొచ్చీలాగుంది, తొరగా వొచ్చీ."

"నాను తొరగా రాకూడదే. ఆఖర్న రావడమే నా ఉద్దోగం."

"అందరికన్నా ఎనకాలొచ్చినోడికి జీతమిచ్చే ఉద్దోగం ఈ కొండల్లో నీకే దొరికినాది."

కామేసు నవ్వి నన్ను వీపుకు తగిలించుకున్నాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషి. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, గౌరమ్మకు ఇరవై. అప్పటి నుంచి అతనికి ఆమె, ఆమెకు అతను. ఇంకెవరూ లేరు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. శృంగవరపుకోట బస్టాండు వెనక ఒక దర్జీ చిరిగిన గుడారం గుడ్డతో నన్ను కుట్టాడు. కుట్టించినవారు నాగభూషణం మాస్టారు. కాలేజీలో భూగోళం చెప్పేవారు. నన్ను తగిలించుకుని హిమాలయాలు ఎక్కుతానని దర్జీకి చెప్పారు. ఆ తరవాత ఏడేళ్ళు నేను ఆయన బీరువా మీద కూర్చుని పరీక్ష పేపర్లు మోశాను. కొండల గురించి అంత బాగా చెప్పే మనిషి కొండకు అంత దూరంగా ఎలా ఉండగలిగారో నాకు అర్థమయ్యేది కాదు. మనుషులు అంతేనేమో. ఇష్టమైనదాన్ని ముందు బీరువా మీద పెడతారు.

రిటైరయ్యాక ఆయనకు ధైర్యం వచ్చింది. హిమాలయాలకు కాకుండా, అనంతగిరి కొండల్లో నిమ్మగరువు అనే పాతిక గడపల ఊరికి వచ్చారు. లావు టైర్ల సైకిళ్ళు కొన్నారు. ఆవులు మేతకు పోయే దారులు, ఆడవాళ్ళు సంతకు నడిచే దారులు పట్టుకుని రెండు నెలలు తిరిగి, దారి పొడవునా రాళ్ళకు రంగులు వేశారు. ఆకుపచ్చ రాళ్ళ దారి కాఫీ తోట చుట్టూ తిరుగుతుంది. నిన్న సైకిల్ నేర్చుకున్నవాళ్ళు కూడా మిరియాల తీగలు చూసుకుంటూ వెళ్ళి రావచ్చు. పసుపు రాళ్ళ దారి కొంచెం ఎగుడుదిగుడు, ఊపిరి ఉన్నవాళ్ళకు. ఎర్ర రాళ్ళ దారి కొండ కొమ్ము నుంచి నిలువుగా అడవిలోకి దిగి, వేర్ల మీద నుంచి, బండల మీద నుంచి జోడుగెడ్డ దాటి, మళ్ళీ ఊరికి ఎక్కుతుంది. గెడ్డ అంటే ఇక్కడివాళ్ళకు కొండవాగు. మామూలు రోజుల్లో అందులో మోకాలి లోతు నీళ్ళు.

విశాఖపట్నం నుంచి ప్రతి ఆదివారం జనం వచ్చేవారు. ఆకుపచ్చకు సరిపోయేవాళ్ళు పసుపు అడిగేవారు, పసుపువాళ్ళు ఎరుపు అడిగేవారు. తన రంగు తనకు నచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

ముందు మాస్టారు వెళ్ళేవారు, అందరికన్నా వెనక కామేసు. ఎవరి చక్రం పాడైనా బాగుచేయడం, పడినవాళ్ళను లేపడం, దారిలో మనిషినిగానీ వస్తువునిగానీ వదిలి రాకుండా చూడటం అతని పని. అందుకే నన్ను మాస్టారు అతనికి ఇచ్చేశారు. మొదట్లో ఒక కాగితం మీద పేర్లు రాసి, వచ్చినవాళ్ళ పేరు పక్కన గీత పెట్టేవారు. దారులు మొదలయ్యే చోటి పాకలో అందరికీ ఉప్మా, టీ చేసిపెట్టే గౌరమ్మకు ఆ కాగితం అక్కరకు రాలేదు.

"నాకు సదూరాదు బాబూ," అందామె మాస్టారితో. "అందరికీ ఎనకాల మా తమ్ముడొస్తాడు. ఆడి ఈపు మీద సంచుంటాది. సంచొస్తే అందరూ వొచ్చినట్టే కదా. ఇంక కాయితమెందుకు?"

మాస్టారికి ఆ మాట ఎంత నచ్చిందంటే కాగితం మానేశారు. పాక స్తంభానికి ఒక మేకు కొట్టారు. పక్కన రైలు పట్టా ముక్క వేలాడదీశారు. నేను ఆ మేకుకు ఎక్కగానే ఎవరో ఒకరు పట్టా మీద మూడు దెబ్బలు కొట్టేవారు. ఆ మోత వినగానే మిగతావాళ్ళు సైకిళ్ళు వదిలి వ్యాను ఎక్కేవారు, గౌరమ్మ తమ్ముడి కోసం ఎసరు పెట్టేది. కామేసు మాత్రం వెనక నీళ్ళ పంపు దగ్గర గంటసేపు సైకిళ్ళు కడిగి అప్పుడు అన్నానికి వచ్చేవాడు.

నాలుగేళ్ళు అలా జరిగింది. నాకు గర్వంగా ఉండేది. నా రాక కోసం అంతమంది చూడటం బీరువా మీద ఉన్నప్పుడు నేను కలలో కూడా అనుకోలేదు.

ఒక్కటే బెంగ. వీపుసంచికి ముందున్న దారి కనిపించదు. మోసే మనిషి ఎటు చూస్తే నేను దానికి ఎదురు వైపు చూస్తాను. వస్తున్నవాళ్ళను ఎప్పుడూ చూడలేదు. విడిచి వచ్చినవాళ్ళనే చూశాను, చిన్నవైపోతూ, మలుపు దాకా.

ఆ ఆదివారం ఎర్రదారికి ఆరుగురు బయలుదేరారు. వాళ్ళలో సుహాసిని అనే బ్యాంకు ఉద్యోగిని పసుపుదారి మూడుసార్లు చేసింది.

"పసుపు కూడా బాగుంటాదమ్మా ఈయేళ," అన్నాడు కామేసు. "రాళ్ళు జారుతున్నాయి."

"ఎప్పుడూ పసుపేనా కామేసన్నా? ఇంట్లో గోడలకు కూడా ఇంతకాలం ఒకే రంగు ఉంచరు."

పాపం, ఆమె చెడ్డది కాదు, తొందర మనిషి.

గెడ్డకు అవతల, ఆఖరి దిగుడులో ఆమె పడింది. ముందు చక్రం అప్పడంలా వంకరపోయింది, ఎడమ మణికట్టు వాచింది. మిగిలిన ఐదుగురూ మాస్టారి వెనక అప్పటికే గెడ్డ దాటి వెళ్ళిపోయారు. కామేసు కట్టు కట్టాడు, చోడి ఉండ తినిపించాడు. తన సైకిల్‌ను ఒక చేత్తో ఎత్తి, ఇంకో చేత్తో ఆమెను పట్టుకుని గెడ్డ దాటించాడు. వాన మొదలైంది.

"నా సైకిల్ మీద ఎల్లిపో అమ్మా. ఇక్కణ్ణించి రాళ్ళు లేవు, మెల్లగా ఎక్కితే పావుగంట."

"మీరో?"

"ఆ ఇరిగిన సైకిల్ వొదిలీలేను కదా. ఈపు మీద ఎత్తుకుని నడిచొస్తాను." వీపు ఖాళీ కావాలి కాబట్టి నన్ను విప్పి, రెయిన్‌కోటు తీసి ఆమెకు తొడిగి, నన్ను ఆమె వీపుకు తగిలించాడు. "సంచి మేకుకు తగిలించీయండి."

ఆమె సైకిల్ ఎక్కింది. నేను వెనక్కి చూస్తున్నాను. కామేసు మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. అవతలి ఒడ్డుకు చేరాడు. విరిగిన సైకిల్ ఎత్తి వీపు మీద సరిచేసుకున్నాడు. అప్పుడే గెడ్డ నీళ్ళు ఎర్రబడటం చూశాను. పైన కొండ మీద వాన ముందే దంచి కొట్టిందన్నమాట. సైకిల్ బరువుకు తల వంచుకున్న అతను పై వైపు చూడలేదు. పిలవడానికి ఈల నా జేబులో ఉంది. నాకు నోరు లేదు. మలుపు వచ్చింది.

పాక చేరగానే సుహాసిని నన్ను మేకుకు తగిలించింది. చెప్పిన పని చేసింది. మాస్టారు ఆమె మణికట్టు చూసి జీపు పిలిచారు.

"కామేసన్న వెనక నడిచి వస్తున్నారండీ," అంది ఆమె.

"వస్తాడు. ఆ దారి వాడికి ఇంటి వాకిలి," అంటూ ఆమెను జీపు ఎక్కించి, ఆసుపత్రికి తానూ వెంట వెళ్ళారు. జీపు పోయాక మిగిలినవాళ్ళలో ఒకాయన మేకు మీద నన్ను చూసి, వాడుక ప్రకారం పట్టా మీద మూడు దెబ్బలు కొట్టాడు. వ్యాను కూడా వెళ్ళిపోయింది. అందరూ ఉన్నమాటే చెప్పారు, అందరూ చేయవలసిందే చేశారు. నేను ఒక్కదాన్నే అబద్ధం. మేకు మీద వేలాడే అబద్ధాన్ని.

మోత విని వంటింట్లోంచి గౌరమ్మ వచ్చింది. నన్ను చూసింది. ఆమె భుజాలు కిందికి దిగడం నాకు తెలిసింది. "వొచ్చినావా నాయినా," అంది, పంపు వైపు తిరిగి, వినిపించేలా. నేను తడిసి ముద్దయి ఉన్నాను. నన్ను దించి, ఖాళీ చేసి, నీళ్ళు పిండేసి, పొయ్యి పక్కన ఆరవేసింది. ఒకసారి తిరగేసి రెండో వైపు కూడా ఆరబెట్టింది. తమ్ముడి కోసం ఎసరు పెట్టింది. ఆ గంటసేపు ఆమె అంత నెమ్మదిగా ఉండటం నేను ఎన్నడూ చూడలేదు.

అన్నం వార్చాక పంపు దగ్గరికి వెళ్ళింది. అక్కడ బురద సైకిళ్ళే ఉన్నాయి.

ఊరివాళ్ళు తాళ్ళు పట్టుకుని పరిగెత్తారు. జోడుగెడ్డ అప్పటికి రెండు నిలువుల ఎత్తున పోతోంది. నాలుగు రోజులు వెతికారు. రెండు మలుపుల కింద బండల సందులో వంకర చక్రం సైకిల్ దొరికింది.

పక్షం రోజుల తరవాత సుహాసిని చేతికి సిమెంటు కట్టుతో వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇంకోసారి చెప్పి ఉండాల్సింది," అంది.

గౌరమ్మ పీట వేసింది. "కూకో. సంచి మాట పెట్టింది నానేనమ్మా. ఆ మాస్టారు రాసుకున్న కాయితం నాను మానిపించినాను. అందులో ఆడి పేరు పక్కన గీత లేకపోతే ఎవులో ఒకరు అడిగీవోరు." కట్టు మీద చెయ్యి వేసి, "సెయ్యి నొప్పెడతందా?" అని అడిగింది.

మాస్టారు మళ్ళీ రాయికి రంగు వేయలేదు. ఉన్న రంగులు రెండు వానలకు వెలిశాయి. ఆవులు ఆ దారులనే పోతున్నాయి.

నన్ను గౌరమ్మ పారేయలేదు, వాడనూ లేదు. చూరు కింద కర్రకు కట్టింది. ఎలుకలు నా అడుగు కొరికాయి. ఆమె నా వైపు చూడదు. చూసినప్పుడు మాత్రం చాలాసేపు చూస్తుంది. నేను ఏదైనా చెబుతానని కాబోలు.

మరుసటి ఏడు మండలాఫీసు నుంచి ఒక గుమాస్తా కాగితాలు పట్టుకుని వచ్చాడు. "చనిపోయినట్టు రాస్తానమ్మా, వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

"సచ్చిపోడం నాను సూడలేదు బాబూ. సూడంది సెప్పలేను."

"మరేం రాయమంటావు?"

"రాలేదని రాయి."

అతను కలం మూత తీశాడు. రాసి, ఆమెకు చదివి వినిపించాడు. నిమ్మగరువు కాపురస్తుడు పాంగి కామేసు, రెండువేల పంతొమ్మిది సెప్టెంబరు ఎనిమిదో తేదీ ఆదివారం మధ్యాహ్నం జోడుగెడ్డ దగ్గర నుంచి తిరిగి రాలేదు.