హౌరా అంత దూరంలో మామ

మా పిన్నికి అన్న పోలరాజు మామ పక్కపేట జుగ్సలాయిలో ఉన్నన్నాళ్లూ తవిటయ్య బాబాయి కాస్త భయపడుతూనే పిన్నిని కొట్టేవాడు. ఒకసారి పిన్ని పన్ను ఊడితే, మామ సైకిలు మీద వచ్చి బాబాయిని వాకిట్లోకి ఈడ్చి, చెవిలోంచి రక్తం కారేదాకా కొట్టాడు. అలాంటి మామకి లిబియాలో వెల్డింగు పని దొరికింది.

టాటానగర్ స్టేషనులో బొంబాయి రైలెక్కుతూ మామ అందరికీ వినబడేలా చెప్పాడు.

"బొంబాయిలో పొద్దున్న ఏడింటికి ఇమానమెక్కితే పదకొండున్నరకి ట్రిపోలీలో దింపేత్తారంట. ఇన్నావా బావా? మా దాలమ్మ మీద చెయ్యేసేవంటే అలాగే ఇమానాల మీదే ఎనక్కొచ్చి, మన సోనారీలో దిగిపోతాను."

బాబాయి రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైల్వేకి దేశమంతటా ఒకటే గడియారం. చేరే టైములోంచి బయల్దేరే టైము తీసేస్తే ప్రయాణం తేలిపోతుంది. ఇంటికొచ్చేదాకా అదే లెక్క వేసుకున్నాడు.

"నాలుగున్నర గంటలా! హౌరా నుంచొచ్చినట్టే ఉంది గదే!" అన్నాడు పిన్నితో.

పడమటి దేశాల్లో పొద్దు ఆలస్యంగా పొడుస్తుందని, గడియారాలు వెనక నడుస్తాయని, నేను పిన్ని ఇంటికి రాకముందు మా ఊరి బడిలో చెప్పారు. నేను నోరు విప్పలేదు.

తర్వాత బాబాయి చెయ్యెత్తి, గోడ గడియారం వంక చూసి దించేసేవాడు. సోనారీలో దిగే చిన్న విమానం మోత వినిపిస్తే వాకిట్లోకి పోయి ఆకాశం చూసేవాడు. పిన్ని మొహం మీద కమిలిన మచ్చలు ఒక్కొక్కటే పోయాయి.

అది వానాకాలం దాకానే సాగింది. ఒక మధ్యాహ్నం బాబాయి డ్యూటీ దిగి వచ్చి, తలుపు గడియ పెట్టాడు.

"గార్డు నీలకంఠం అంతా చెప్పినాడు. అక్కడ గడియారం మూడున్నర గంటలు ఎనకంట. ఎనిమిది గంటలు గాల్లోనే ఉండాలంట. రెండేళ్లదాకా మీ మామ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోనే ఉంటాదంట! పద్మా, బళ్లో సదివినావు గదా, నీకు తెల్దా?"

"తెలుసు" అన్నాను.

"చూసినావా, ఆడోళ్లందరూ కలిసి నన్ను ఉల్లూని, ఎర్రోణ్ణి చేసినారు!"

నన్ను తోసేసి, పిన్ని జుట్టు పట్టి తలని గోడకేసి కొట్టాడు. సున్నం మీద రక్తం అంటింది. బెల్టు లాగి వీపు మీద, చేతుల మీద, మొహం మీద బాదాడు.

"పిలవే నీ యన్నని! ఎనిమిది గంటలూ కొడతానే ఉంటాను, పిలువు!"

పిన్ని అరుపు ఆగిపోయింది. అతను మోకాలు ఆమె గుండెల మీద పెట్టి గొంతు పట్టుకున్నాడు. ఆమె కాళ్లు నేలకేసి కొట్టుకున్నాయి.

కుంపటిలో బొగ్గులు కదిపే ఇనుప చువ్వ నా పక్కనే ఉంది. రెండు చేతులతో ఎత్తి అతని మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నా అరచేతులకి తెలిసింది. అతను వెనక్కి తిరిగాడు. మోకాలి మీద మళ్లీ కొట్టాను. పడ్డాడు. మళ్లీ ఎత్తాను.

"వద్దే అమ్మా" అన్నాడు బాబాయి. నన్ను అమ్మా అనడం అదే మొదలు.

పిన్ని దగ్గుతూ గోడ పట్టుకుని లేచింది. నా చేతిలోంచి చువ్వ తీసుకుంది. పారేస్తుందనుకున్నాను. గడియ తీసి, చువ్వ పట్టుకునే గుమ్మం పక్కన నిలబడింది.

"హౌరా నాలుగున్నర గంటలే అన్నావు గదా" అంది, నోట్లో రక్తం ఉమ్మేసి. "లెగు, పో. బండి టైమయింది."