ఇల్లు చెప్పని విత్తనం

పొద్దున్నే పొయ్యి ముట్టించి చాయ్ గిన్నె ఎక్కించగానే రత్నవ్వ తలెత్తి విత్తనాలను పిలుస్తుంది. పొయ్యి మీది దూలానికి ఎర్రమక్క కంకులు, ఎర్రటి మొక్కజొన్నలు, వేలాడుతుంటాయి. పొగ తగులుతుంటే వాటికి పురుగు పట్టదు.

"ఉన్నరానే?"

"ఓ" అంటాయి కంకులు.

పలకని కంకిని తెంపి కోళ్లకు వేస్తుంది. చచ్చిన గింజ పలకదు, పలకని గింజ మొలవదు. జక్రాన్‌పల్లి పక్కన ఉన్న ఆ ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతే.

విత్తనం అడిగిన వాళ్లకు లేదనకుండా ఇస్తుంది రత్నవ్వ. ఇచ్చేముందు కంకిని నోటి దగ్గర పెట్టుకుని, ఏ ఇంటికి పోతుందో దానికి చెబుతుంది. "ఇగ నువ్వు చిన్నక్క ఇంటిదానివి" అంటే చాలు, అప్పటినుంచి అది చిన్నక్క పిలిస్తేనే పలుకుతుంది. పంట చేతికొచ్చాక చిన్నక్క మంచి కంకులు ఏరి తెచ్చి, "ఇగ మీరు రత్నవ్వ ఇంటివి" అని వాటికి చెప్పి, దూలానికి కట్టి పోతుంది. కొనడం, అమ్మడం ఆ ఊరి విత్తనానికి తెలియదు.

అలాంటి ఇంటికి ఓ ఎండాకాలం మనీష్ వచ్చాడు. మెడలో విత్తనాల కంపెనీ కార్డు. చాయ్ తాగి, కంకులు చూసి, రెండు ఇమ్మన్నాడు.

"ఎవరింటికి కొడుకా?"

"ఇంటికి కాదవ్వా, ఆఫీసుకు. జర చూపిస్త, అంతే."

ఆఫీసుకు పొయ్యి లేదు, దూలం లేదు. అక్కడికి పోతున్నావని విత్తనానికి ఎలా చెప్పాలో రత్నవ్వకు తోచలేదు. ఏమీ చెప్పకుండానే కంకులు అతని సంచిలో వేసింది. ఇల్లు చెప్పకుండా విత్తనం గడప దాటించడం ఆమె బతుకులో అదే మొదలు.

ఆ ఎర్రమక్కే కొన్నేళ్లకు తళతళలాడే ప్యాకెట్లలో దుకాణాలకు వచ్చింది. వచ్చిందే అన్యాయమనుకుంటే, దాని వెనకాలే జీపు కూడా వచ్చింది. ముత్తెన్న చేను ముందు ఆగింది.

ముత్తెన్న రత్నవ్వ మరిది కొడుకు. ఏళ్లకేళ్లు మస్కట్‌లో ఇటుకలు మోసి, ఇక మట్టిలోనే బతుకుతానని తిరిగొచ్చి, పెద్దమ్మ దగ్గర విత్తనం తీసుకుని వేసిన మొదటి పంట అది. పీచు వేసి కళకళలాడుతోంది.

"ఇది మా కంపెనీ రకం. చోరీ చేసి ఏసినవ్" అన్నాడు మనీష్. "చేను దున్నెయ్యి. ఇగ మీదట మా ప్యాకెట్లే కొంటనని సంతకం పెట్టు. లేకుంటే కేసే."

ఎంత ధైర్యం చూడండి! ఆమె ఇంటి కంకి ఆమె చేతులమీదుగా తీసుకుపోయినవాడు, ఆమె మరిది కొడుకునే దొంగ అంటున్నాడు. తన విత్తనం తాను దాచుకుని వేసుకునే హక్కు రైతుకు చట్టంలోనే ఉంది. చట్టం చదివినవాళ్లు ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు కాబోలు.

"పంట పోతే మళ్ల మస్కటే పెద్దమ్మా" అన్నాడు ముత్తెన్న, అన్నం ముందు కూర్చుని తినకుండా. రత్నవ్వ లేచి దూలం మీది కంకి ఒకటి తెంపి కొంగున ముడేసుకుంది.

సంతకానికి ఆర్మూర్ మార్కెట్ యార్డుకు రమ్మన్నారు. పసుపు అమ్మకాల రోజులు. కొమ్ముల రాశుల పక్కనే కంపెనీ షామియానా, దాని కింద గుట్టగా ప్యాకెట్లు, కుర్చీలో వ్యవసాయాధికారి. ముత్తెన్న చేతికి పెన్ను ఇచ్చారు.

రత్నవ్వ నేరుగా గుట్ట దగ్గరికి వెళ్లి ఓ ప్యాకెట్ చింపింది. గింజలకు గులాబీ రంగు మందు పూసి ఉంది.

"థూ! కోళ్లకు గూడ పనికిరాకుంట జేసిండ్రు గదరా" అని గట్టిగా పిలిచింది. "ఉన్నరానే?"

"ఓ!"

గుట్టంతా ఒక్కసారే పలికింది. షామియానా గుంజలు అదిరాయి. పసుపు రాశుల దగ్గరి రైతులు ఇటు తిరిగి, సంగతి అర్థమై, చేతిలో పని వదిలేసి వచ్చారు.

అధికారిది పక్కనే ఉన్న ముప్కాల్, విత్తనం పలకడం ఆయనకూ తెలుసు. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"మనీష్, ఇప్పుడు నువ్వు పిలువు."

"సార్, గదేంది సార్..."

"మీ రకమే గద. పిలువు."

మనీష్ పిలిచాడు. ఒక్క గింజా పలకలేదు. మళ్లీ గొంతు పెంచి పిలిచాడు. రైతుల్లో ఎవరో నవ్వారు.

అధికారి సంతకం కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. "ఇంటికి పోయి చేనుకు నీళ్లు పెట్టుకో ముత్తెన్నా. ఎవడన్న ఆపితే నా దగ్గరికి రా" అన్నాడు. ముత్తెన్న పెన్ను గుట్ట మీదికి విసిరేసి, పెద్దమ్మ కాళ్లకు మొక్కి, పరుగులాంటి నడకతో బస్టాండు వైపు పోయాడు.

రత్నవ్వ కోపం మాత్రం చల్లారలేదు.

"మీ ఇంట్ల ఎవుసం ఉన్నదారా?"

"నవీపేట్ల మా అమ్మ జేస్తది" అన్నాడు మనీష్, తల దించుకుని.

"ఆమె దూలానికి ఏమన్న ఉన్నయా?"

అతని కళ్లు ప్యాకెట్ల గుట్ట మీదికి పోయాయి. తల్లి కూడా ఏటేటా కంపెనీ ప్యాకెట్లే కొంటోంది.

రత్నవ్వ కొంగు ముడి విప్పి కంకి ఒకటి తీసింది. ఈసారి ఇల్లు చెప్పకుండా ఇవ్వలేదు. నోటి దగ్గర పెట్టుకుని, అందరూ వినేలా చెప్పింది.

"ఇగ నువ్వు మనీష్ వాళ్లమ్మ ఇంటిదానివి. ఆఫీసుకు పోకు."

కంకి అతని చేతిలో పెట్టింది. మనీష్ దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"ఉన్నవా?"

కంకి పలకలేదు.

"నీకు పలుకదది" అంది రత్నవ్వ. "తీస్కపోయి మీ అమ్మకియ్యి."