కాలు తీయాలా, వద్దా

...అప్పుడు కాలు తీసి ఉంటే గోడ తగిలేది కాదా, లేక తీసినందుకే ఇంకా గట్టిగా తగిలేదా అన్నచోటే ఆమె ఆలోచన మళ్లీ వచ్చి ఆగింది. ఆరు వారాలుగా అక్కడే ఆగుతోంది. అంట్లు తోముతున్నా అదే, బట్టలు మడతపెడుతున్నా అదే.

ఇప్పుడు టీవీ ముందు కూర్చుంది. మరిది వీడియో గేమ్ కోసం బల్లకు బిగించిన స్టీరింగ్ చేతుల్లో, పెడళ్లు కాళ్ల కింద. తెర మీద తడి రోడ్డు, ఒక వంపు, వంపు చివర గోడ.

తొమ్మిదేళ్లు ఆమె లాండ్రీ వ్యాను నడిపింది. ఆసుపత్రులకు దుప్పట్లు చేరవేసే పాత వ్యాను. దాన్ని వెనక చక్రాలు తోస్తాయి. వానలో వంపు తిరుగుతూ చటుక్కున యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక భాగం పక్కకు జారేది. వంపులో కాలు తీయకూడదని నేర్పింది ఆ వ్యానే. ఇంట్లో కొత్తగా కొన్న కారునేమో ముందు చక్రాలు లాగుతాయి. ఆ సంగతి తెలుసు, తెలిసీ పట్టించుకోలేదు. ఆ రోజు వానలో, ఆసుపత్రి వెనక వంపులో, స్టీరింగ్ తిప్పినా కారు తిరగకుండా నేరుగా పోయింది. ఇంకా తిప్పింది. కాలు మాత్రం తీయలేదు. పక్కన కూర్చున్న భర్త మణికట్టు విరిగింది.

ఈ రోజు నాలుగింటికి ఆ కట్టు విప్పుతారు. ఇన్నాళ్లూ కారు నడిపిన మరిదికి డ్యూటీ ఉంది. మరి ఎవరు నడపాలన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు గుచ్చుకుంటోంది.

ఆటలో ఎర్రకారు వెనక చక్రాలది, తెల్లకారు ముందు చక్రాలది. పొద్దున్నించి రెండింటినీ ఆ వంపులో తిప్పింది, కాలు ఉంచీ, తీసీ. రెండూ బుద్ధిగా తిరిగాయి. అయితే ఏ కారైనా ఒకటే, తప్పంతా తనదే అనుకుంది. అలా అనుకోగానే మనసు కాస్త తేలికపడింది. ఎందుకు తేలికపడాలో అర్థంకాక మళ్లీ కంగారుపడింది.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న మరిది నవ్వాడు. "వదినా, ఆ మూల ‘సాయం’ అని ఉంది, చూళ్లేదా? అది ఆన్‌లో ఉంటే బండిని ఆటే పట్టుకుంటుంది. మీరు నిద్రపోయినా తిరుగుతుంది."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"మీ మొహం చూస్తే పరీక్ష రాస్తున్నట్టుంది. పలకరించడానికి ధైర్యం చాలలా."

"అంత పొడుగున్నావు, ఏం లాభం!"

అతను వంగి సాయం ఆపేసి, ద్వారబంధానికి తల తగలకుండా తప్పుకుని వెళ్లిపోయాడు.

తెల్లకారు వంపులోకి వచ్చింది. తిప్పింది. తిరగలేదు. నేరుగా గోడకు. అచ్చం ఆ రోజులాగే. మళ్లీ గోడ. ఏడోసారి కాలు దానంతటదే లేచింది. కారు ముక్కు లోపలికి తిప్పుకుని చక్కగా వెళ్లిపోయింది. ఇంత చిన్న పనా? సంతోషమో, ఉక్రోషమో తెలియలేదు. ఎర్రకారు తీసుకుంది. అక్కడా కాలు లేచింది. వెనక భాగం గిర్రున తిరిగి, వచ్చిన దారికేసి చూస్తూ నిలబడింది కారు.

ఆమె తన పాదాన్ని ఎవరిదో అన్నట్టు చూసింది. తొమ్మిదేళ్ల అలవాటు ఆరు గుద్దులకే పోయిందా? పోయేదే అయితే ఆ రోజెందుకు పోలేదు? తప్పు అలవాటుదనుకుందామంటే, ఆ అలవాటు తనది కాక ఇంకెవరిది?

ఒంటిచేత్తో చొక్కా గుండీలతో కుస్తీ పడుతూ భర్త వచ్చాడు. "ఏంటి, గుద్దేశావా?"

"ఆరుసార్లు."

"పాపం, గోడకేమైనా తగిలిందా?"

ఆమెకు నవ్వు రాలేదు. "నిజం చెప్పండి. ఆ రోజు తప్పు నాదేననుకుంటున్నారు కదూ?"

ఆయన గుండీ వదిలేశాడు. "నేను ఫోన్ చూసుకుంటున్నానే. తలెత్తేసరికి గోడ ఉంది. నన్నడిగితే ఏం చెప్పను?"

"మరి ఇన్నాళ్లూ దాని గురించి నోరు మెదపలేదేం?"

"దారి చూడకుండా ఫోనేమిటని తిడతావని."

ఆరు వారాలుగా ఆ మౌనాన్ని ఆమె తీర్పు అనుకుంది. ఇప్పుడు తీర్పూ లేదు, సాక్షీ లేడు. ఊపిరి పీల్చుకోవాలా, ఏడవాలా?

"మూడున్నర అయింది. టాక్సీ పిలవనా?" అన్నాడాయన.

ఆమె లేచి ఆయన చొక్కా గుండీలు పెట్టింది. గోడకు తగిలించిన కారు తాళం తీసుకుని కిందకు దిగింది. సన్నగా జల్లు పడుతోంది. కారు తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చుంది. కాలు చాపితే పెడల్ అందలేదు. మరిది పొడుగు కాళ్లకు తగ్గట్టు సీటు వెనక్కి జరిగి ఉంది. కాలు తీయాలా, ఉంచాలా అని ఆరు వారాలు కొట్టుకుంది, ఇక్కడ అసలు కాలే అందడం లేదు.

పక్క తలుపు తీసి భర్త ఎక్కాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఆమె వంగి, సీటు కింద తడిమి, మీట పట్టుకుని, కాలు అందేదాకా సీటును ముందుకు లాక్కుంది.