నాన్న భోజనం అయ్యేదాకా

ఏడో నెల పున్నమికి మా ఊళ్లో సముద్రం బాగా ఎత్తుకు పొంగుతుంది. ఆ మధ్యాహ్నమే పోయిన పెద్దలకు భోజనం పెట్టాలి. ఈ రెండూ ఒకే పూట ఎందుకు వచ్చాయా అని చిన్నప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఎవరినీ అడగలేదు.

ఆ ఏడు దానికి తుఫాను కూడా తోడైంది. పన్నెండున్నరకు పోటు అని రేడియోలో చెప్పారు.

మాది ఒంటి అంతస్తు ఇల్లు. తైవాన్ పడమటి తీరంలో చేపల చెరువుల మధ్య ఉన్న ఇళ్లన్నిటిలాగే అదీ ఏటా కాస్త కుంగుతోంది. రెండుసార్లు మట్టి పోయించి నేల ఎత్తు చేయించాను. ఇప్పుడు చెయ్యెత్తితే పైకప్పు తగులుతుంది. ఫ్యాను తీసేశాం. కిటికీ మోకాళ్ల దగ్గరికి దిగింది. మూడోసారి ఎత్తు చేయడానికి చోటు లేదు. ఈసారి నీళ్లు లోపలికి వస్తే ఇల్లు వదిలెయ్యాల్సిందేనని నాకూ తెలుసు, నా భార్య సియోక్‌లియెన్‌కూ తెలుసు.

అందుకే పొద్దున్నే స్నానాల గది తూములో గుడ్డలు కుక్కి, పైన ఇసుక మూట పెట్టాను. వెనక గుమ్మం గాడిలో అల్యూమినియం పలక దించి, అంచులకు బంకమట్టి మెత్తాను. ముందు గుమ్మానికి పెట్టాల్సిన నడుమెత్తు పలకను మాత్రం గోడకు ఆనించి ఉంచాను. పెద్దలు లోపల భోంచేస్తుండగా వాకిలికి అడ్డం పెట్టకూడదు. నాన్న ఏనాడూ పెట్టలేదు.

పూజబల్ల మీద నాన్న పేరున్న చెక్క ఫలకం. దాని ముందు ఉడికించిన కోడి, వేయించిన చెరువు చేప, చిన్న గిన్నెల్లో బియ్యపు సారా. ఊదుబత్తి సగం కాలాక మోకరిల్లాను. రెండు చంద్రవంక చెక్కలు దోసిట్లో పట్టుకుని, "నాన్నా, భోజనం అయిందా?" అని అడిగి నేల మీద వేశాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అయినట్టు; రెండూ బోర్లా పడితే కానట్టు; రెండూ వెల్లకిలా పడితే అడిగినవాణ్ణి చూసి నవ్వుతున్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతున్నాడు," అన్నాను.

"నవ్వడా మరి, కొడుకు తెలివి చూసి!" సియోక్‌లియెన్ గుమ్మంలో నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. "నీళ్లు రోడ్డు అంచుకొచ్చాయి. ఆ పలక దించెయ్యవయ్యా."

"ఇంకా అవలేదే."

"బతికున్నప్పుడూ అంతేగా మీ నాన్న! ఒక్క చేప ముందేసుకుని ముల్లు ముల్లూ ఏరుకుంటూ గంటన్నర కూర్చునేవాడు. ఆయన లేచేసరికి నేను రాత్రి వంట మొదలెట్టేదాన్ని."

గిన్నెల్లో మళ్లీ సారా పోశాను. కాసేపు ఆగి మళ్లీ చెక్కలు వేశాను. రెండూ బోర్లా పడ్డాయి. కాలేదు.

పక్కింటి బుంహోక్ మా పెద్దనాన్న కొడుకు. వానకోటు కప్పుకుని వచ్చి గుమ్మంలోకి తొంగి చూశాడు. "ఇంకా అడుగుతూనే ఉన్నావా తమ్ముడూ? మేం పొద్దున్నే పెట్టేశాం పలక. చచ్చినవాళ్లకి మోకాళ్ల నొప్పులా ఏంటి, దాటలేకపోవడానికి?"

"నీ ఇష్టం నీది అన్నా."

"నాదేముంది, అంతా సముద్రం ఇష్టం. అదేం చెక్కలేసి అడిగి రాదు."

సియోక్‌లియెన్ పలకకు ఒక కొస పట్టుకుని నా వైపు చూసింది. రెండో కొస నేను పట్టుకోవాలి. లేవలేకపోయాను.

ఆమెకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నేను పాముచేపల చెరువు తవ్వినప్పుడు నాన్న, "కిందున్న నీళ్లన్నీ తోడేస్తే పైన మనం దేని మీద నిలబడతాంరా?" అన్నాడు. నేను వినలేదు. నాలుగు బోర్లు వేసి పద్దెనిమిదేళ్లు తోడాను. అందరూ తోడారు. పాముచేపలు పోయాయి, నేల కుంగింది. మొదటిసారి నేల ఎత్తు చేస్తున్నప్పుడు నాన్న మంచాన ఉన్నాడు. మంచం కింద ఇటుకలు పేర్చి, ఆయన్ను దాని మీదే ఉంచి చుట్టూ మట్టి పోశాం. ఆయన ఆ మట్టినే చూస్తూ పడుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు.

అలాంటి మనిషిని ఈరోజు సగం భోజనంలో ఎలా లేపను? ఒక్కసారైనా ఆయన చెప్పినట్టు వినాలనిపించింది. రెండు చెక్కలు పడే తీరు మీద ఇంత బరువు పెట్టడం తప్పేమో. దేవుడికి తెలియాలి.

"వచ్చేసింది!" అని అరిచింది సియోక్‌లియెన్.

రోడ్డు మా గుమ్మం కన్నా ఎత్తు. అది దాటిన నీళ్లు ఒక్కసారిగా వాకిట్లోకి దూకాయి. గడప మీదుగా పలచగా, నురగతో లోపలికి వచ్చాయి. నా చెప్పులు నా దగ్గరికే తేలుతూ వచ్చాయి. కంగారులో మూడోసారి చెక్కలు వదిలాను. చప్పుడు కాలేదు. నీళ్ల మీద రెండూ వెల్లకిలా తేలుతూ బల్ల కిందికి వెళ్లిపోయాయి.

అప్పుడు లేచాను. ఇద్దరం కలిసి పలకను గాడిలోకి దించాం. అప్పటికే లోపల మోకాలి లోతు, బయటా అంతే.

"ఇప్పుడెందుకురా, సముద్రాన్ని ఇంట్లో కట్టెయ్యడానికా?" అన్నాడు బుంహోక్ రోడ్డు మీద నుంచి. తర్వాత గొంతు తగ్గించి, "రండి, మా ఇంటికి రండి," అన్నాడు.

బియ్యం డబ్బా ఒరిగింది. రెండుసార్లు వేయించిన సున్నం గోడ మీద తడి చూస్తుండగానే పైకి పాకింది.  సియోక్‌లియెన్ నాన్న ఫలకాన్ని బల్ల మీంచి తీసి తన చొక్కా కింద దాచుకుంది.

"మామగారిని నేను పట్టుకుంటాను. నువ్వు కోడి తీసుకో. ఇక తిన్నది చాల్లే."

పలక పైకి లాగబోయాను. బయట ఇంకా పెరుగుతున్న నీళ్ల ఒత్తిడికి గాడిలో బిగుసుకుపోయింది, రాలేదు. ముందు ఆమె దాటింది, నాన్నను గుండెకు అదుముకుని. నేను కోడి పళ్లెం, పలక అవతలికి వచ్చి నిలబడ్డ బుంహోక్ చేతికిచ్చి కాలెత్తాను. నా మోకాలు పలక అంచుదాకా లేవలేదు. ఇంట్లో నీళ్లలో ఒంటికాలి మీద నిలబడి, పైకప్పుకు చెయ్యి ఆనించి, ఎవరైనా వచ్చి లాగుతారని చూశాను.