తెల్లది

కళావతి ఇంట్లో ఏ సీసా నిజం చెప్పదు. కాఫీపొడి సీసాలో జీలకర్ర ఉంటుంది, జామ్ సీసాలో చింతపండు, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం. ఖాళీ సీసా పారేయాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. దేంట్లో ఏముందో తనకొక్కదానికే తెలుసని గొప్ప కూడా.

ఇంకో పట్టింపు ఉంది. దీపం పెట్టాక ఉప్పు పేరెత్తకూడదు, చేతికి ఇవ్వకూడదు. 'తెల్లది' అనాలి, అడిగినవాళ్లే తీసుకోవాలి. మాదన్నపేటలో ఆ గల్లీ చివరింటి కుబ్రా నవ్వుకుంటూనే ఇన్నేళ్లూ ఈ చాదస్తాన్ని మన్నించింది. కొత్తకోడలు లుబ్నాకూ నేర్పి మరీ పంపింది.

"ఆంటీ, జర తెల్లది కావాలె. మా మామకు బుఖార్ తగ్గలే, గంజి కాస్తున్న" అంది లుబ్నా ఆ సాయంత్రం.

దీపం ముందు కూర్చున్న కళావతి లేవలేదు. "షెల్ఫుల ఎర్రమూత సీస ఉంది. నువ్వే తీస్కపో బిడ్డా."

లుబ్నా వెళ్లిన కాసేపటికి కళావతి భర్త ప్రేమ్‌రాజ్ వచ్చాడు. గల్లీలో ఎవరింటి మోరీ జామై మురుగునీళ్లు నిలిచినా అతన్నే పిలుస్తారు. వస్తూనే షెల్ఫు వెతకడం మొదలుపెట్టాడు.

"ఎర్రమూత సీస ఏదే? మోరీల వోసే కాస్టిక్ సోడా. సంచి చినిగిందని పొద్దుగాల అండ్ల వోసి పెట్టిన."

"వంటింట్ల వెట్టినవా!"

"నీ ఖాళీ సీసలన్నీ ఈడనే ఉండె గదా!"

కళావతి షెల్ఫు వంక చూసింది. ఉప్పు సీసా ఎర్రమూతతో వెనక వరసలో క్షేమంగా ఉంది. అంటే లుబ్నా తీసుకుపోయింది రెండో ఎర్రమూత సీసాను. ఆ సోడా నీళ్లు ఒక్కసారి చిందినందుకే మొగుడి ముంజేతి మీద తోలు ఊడి మచ్చ పడింది. అది గొంతులోకి దిగితే?

కుబ్రా ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. కళావతి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. గల్లీకి అడ్డంగా కూరగాయల ఆటో. గోడకు ఒరుసుకుంటూ దూరింది. ఎదురుగా వాకిట్లో కుబ్రా భర్త నసీరుద్దీన్ చెక్క తఖ్తు మీద కూర్చుని, గిన్నె పట్టుకుని గంజిని ఊదుకుంటున్నాడు.

"భాయ్! తెల్లది తాగకు! తెల్లది!"

నసీరుద్దీన్ నీరసంగా నవ్వాడు. "గంజి తెల్లగ గాక ఎర్రగుంటదా, బహెన్?" అని గిన్నె పెదవుల దాకా ఎత్తాడు.

కళావతికి ఏడుపొచ్చింది. "ఉప్పు గాదు భాయ్! అది ఉప్పు గాదు! మోరీల వోసేది!"

లోపల్నుంచి ఉరికొచ్చిన కుబ్రా ఒక్క దెబ్బతో గిన్నెను తోసేసింది. గంజి వాకిలంతా పారింది.

వెనకే వచ్చిన లుబ్నా ఎర్రమూత సీసా చూపించింది. "నువ్వు చెప్పిన సీసనే తీసిన గదా, ఆంటీ..."

కళావతి లుబ్నాను దగ్గరికి లాక్కుంది. పిల్ల అరచేతులు తిప్పి తిప్పి చూసింది. చెంచాతో వేసింది కాబట్టి కాలలేదు. ఆ చేతులు పట్టుకునే గడప మీద కూలబడింది.

మర్నాడు దీపం పెట్టే వేళకు కుబ్రా కోడల్ని కావాలనే మళ్లీ పంపింది. పిల్ల లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆంటీ... జర... అది..."

"అది ఏంది? దానికి పేరు లేదా? ఉప్పు అను."

కళావతి లేచి ఎర్రమూత తీసింది. చిటికెడు తన నాలుక మీద వేసుకుని చూసింది. అప్పుడు సీసాను లుబ్నా చేతికిచ్చింది.